ప్రాసెసర్‌కు గాలి కూలరా, లిక్విడ్ కూలరా: మన ఎండల్లో ఏది నిలుస్తుంది?

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. ఒంగోలులో డాబా పైగదిలో, ఏసీ లేకుండా, పెళ్లి వీడియోల ఎడిటింగ్ చేస్తున్నారు. పాత కంప్యూటర్ తీసేసి కోర్ ఐ7-14700కె ప్రాసెసర్‌తో కొత్తది కట్టించుకోబోతున్నారు. 360 మిల్లీమీటర్ల (120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు మూడు పట్టే) లిక్విడ్ కూలర్ లేనిదే ఆ ప్రాసెసర్ నడవదని దుకాణంలో చెప్పారు. మీ స్నేహితుడేమో గాలి కూలరే చాలునన్నాడు. ఒకసారి బిగించాక ఐదేళ్లపాటు దాని జోలికి వెళ్లనవసరం లేకుండా ఉండాలంటే ఏది మేలని అడిగారు. గదిలో ఉన్న నీళ్ల కూలర్‌ను కేబినెట్ వైపు తిప్పిపెడితే ఉపయోగం ఉంటుందా అన్నది మీ రెండో ప్రశ్న.

నా సమాధానం ఇది: రెండు టవర్ల (లోహపు రెక్కల దొంతరలు రెండు ఉండే) మంచి గాలి కూలర్ పెట్టించుకోండి, బయాస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సొంత సెట్టింగులలో) ప్రాసెసర్ విద్యుత్ పరిమితిని 160 వాట్ల దగ్గర ఆపండి, మిగిలిన డబ్బును కేబినెట్ ఫ్యాన్ల మీద, గది కిటికీకి ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ మీద ఖర్చు పెట్టండి. మీ గదిలో ఏసీ ఉండి ఉంటే ఇంత గట్టిగా చెప్పేవాణ్ని కాదు. లిక్విడ్ కూలర్ చెడ్డదని నా ఉద్దేశం కాదు. దాన్ని ఎవరికి పెట్టమని చెబుతానో కింద రాశాను.

నేను నెల్లూరులో పదిహేడేళ్లుగా కంప్యూటర్లు అసెంబుల్ చేసి, బాగుచేసి ఇస్తున్నాను. ఇటు సూళ్లూరుపేట నుంచి అటు చీమకుర్తి దాకా మనుషులు కేబినెట్లు మోసుకుని వస్తుంటారు. కొత్తది కట్టేటప్పుడు కంటే నాలుగేళ్ల తరువాత విప్పేటప్పుడే కూలర్ సంగతి బాగా తెలుస్తుంది. నేను చెప్పేదంతా అలా విప్పి చూసినదాని మీద ఆధారపడినదే.

లిక్విడ్ కూలర్ అనగానే చాలామందికి ఫ్రిజ్ గుర్తుకొస్తుంది. ఒక కుర్రవాడు బిగించిన మర్నాడే వచ్చి, "ఏందన్నా ఇది, అంత డబ్బు పోసినా రవంత కూడా సల్లంగా లేదే!" అని నాతో తగువు పెట్టుకున్నాడు. అది ఫ్రిజ్ కాదు, మట్టికుండ కూడా కాదు. కుండలో నీరు గోడల గుండా ఊరి ఆవిరైపోతూ వేడిని వెంట తీసుకుపోతుంది కనుక లోపలి నీరు గదికంటే చల్లబడుతుంది. లిక్విడ్ కూలర్‌లో నీరు ఒక చిన్న పంపు తోస్తే మూసిన గొట్టాల్లోనే తిరుగుతుంది. ప్రాసెసర్ మీద కూర్చున్న రాగి పలక దగ్గర వేడిని ఎత్తుకుని, రేడియేటర్ అనే సన్నని రెక్కల చట్రం దగ్గర దించి, మళ్లీ వెనక్కి వస్తుంది. ఆ రేడియేటర్‌ను చల్లబరిచేది చివరికి ఫ్యాన్ విసిరే గది గాలే.

మనం గాలి కూలర్ అని పిలిచేదానిలోనూ నీరు ఉంటుందన్న సంగతి చాలామందికి తెలియదు. దాని రాగి గొట్టాలు లోపల బోలుగా ఉంటాయి. గాలి తీసేసి మూసిన ఆ బోలులో కొద్దిపాటి నీరు ఉంటుంది. ప్రాసెసర్‌ను ఆనుకున్న చోట ఆ నీరు ఆవిరై, రెక్కల దగ్గరికి వెళ్లి చల్లబడి మళ్లీ నీరవుతుంది. గొట్టం లోపలి గోడకున్న సన్నని రంధ్రాల పూత దాన్ని దీపం వత్తి నూనెను పీల్చినట్టు పీల్చి వెనక్కి చేరుస్తుంది. ఇదంతా పంపు లేకుండా, కరెంటు లేకుండా జరిగిపోతుంది. లిక్విడ్‌కూ దీనికీ మధ్య నేను చూసే అసలు తేడా ఆ పంపే.

కాబట్టి రెండు రకాలూ వేడిని గది గాలికే అప్పగిస్తాయి, రెండింటిలో ఏదీ ప్రాసెసర్‌ను గదికంటే చల్లగా చేయలేదు. యూట్యూబులో మీరు చూసే పరీక్షలు సాధారణంగా 21, 22 డిగ్రీల గదిలో చేసినవి. మన దగ్గర రోహిణి కార్తెలో బయట 43, 44 డిగ్రీలు ఉంటుంది. డాబా పైగదిలో పగలంతా కాగిన స్లాబు రాత్రి పదకొండింటికి కూడా నెత్తిమీద సెగ కక్కుతూనే ఉంటుంది. ఆ పరీక్షల్లోని అంకెకు మీరు దాదాపు ఇరవై డిగ్రీలు కలుపుకుని చదవాలి.

ఉజ్జాయింపు లెక్క ఒకటి వేసి చూపిస్తాను. మీరు కొనబోయే తరగతి ప్రాసెసర్‌కు మంచి రెండు టవర్ల గాలి కూలర్ పెడితే, ప్రతి 100 వాట్లకు చుట్టూ ఉన్న గాలికంటే సుమారు 29 డిగ్రీలు పైకి ఎక్కుతుంది. 360 లిక్విడ్ పెడితే సుమారు 25 డిగ్రీలు ఎక్కుతుంది. ఐ7-14700కెకు ఇంటెల్ ఇచ్చిన గరిష్ఠ టర్బో విద్యుత్తు 253 వాట్లు. మే నెల మధ్యాహ్నం మీ గదిలో 41 డిగ్రీలు ఉందనుకుందాం. గ్రాఫిక్స్ కార్డు వేడి వల్ల కేబినెట్ లోపల గాలి ఇంకో మూడు డిగ్రీలు పెరిగి 44 అవుతుంది. గాలి కూలర్ తీసుకునేది ఆ గాలినే. 44కు 73 కలిపితే 117. లిక్విడ్ రేడియేటర్‌ను కేబినెట్ ముందువైపు బిగిస్తే అది గది గాలినే నేరుగా పీల్చుకుంటుంది కనుక 41కి 63 కలిపితే 104. ఈ ప్రాసెసర్ భరించే హద్దు 100 డిగ్రీలు. అంటే 253 వాట్లను మీ గదిలో మే నెలలో గాలి కూలరూ నిలబెట్టలేదు, 360 లిక్విడూ నిలబెట్టలేదు. 117 డిగ్రీలు కాగితం మీది అంకె మాత్రమే. నిజానికి ప్రాసెసర్ 100 దగ్గరే తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. కాలిపోదు, కానీ మీరు కొన్న వేగం మీకు అందదు.

ఇప్పుడు 160 వాట్లకు అదే లెక్క వేయండి. గాలి కూలర్‌తో 90 డిగ్రీలు, లిక్విడ్‌తో 81 డిగ్రీలు. రెండూ హద్దులోనే ఉన్నాయి. డిసెంబరులో గది 26 డిగ్రీలు ఉన్నప్పుడు గాలి కూలర్‌తోనే సుమారు 75 దగ్గర ఉంటుంది. తగవు తీర్చింది కూలర్ కాదు, వాట్లు తగ్గించడం. దుకాణాల్లో ఈ మాట చెప్పరు, ఎందుకంటే బయాస్‌లో ఒక అంకె మార్చడానికి బిల్లు వేయలేరు కదా.

వాట్లు తగ్గిస్తే పని మందగిస్తుందేమోనన్న భయం మీకు సహజంగా వస్తుంది. పై వేగాల్లో కొసరు వేగం కోసం ప్రాసెసర్ చాలా ఎక్కువ కరెంటు తాగుతుంది. బండిని అరవై మీద నడిపితే వచ్చే మైలేజీకీ, వంద మీద నడిపితే వచ్చే మైలేజీకీ ఉన్న తేడా వంటిదే ఇది. మీలాంటి పనే చేసే ఒక ఎడిటర్‌కు ఇదే ప్రాసెసర్ మీద నేను రెండు విధాలా పెట్టి చూపించాను. ప్రాసెసర్‌తోనే చేసిన ఒక ఎక్స్‌పోర్టుకు 253 వాట్ల దగ్గర నలభై నిమిషాలు పడితే, 160 వాట్ల దగ్గర నలభై మూడు నిమిషాలు పట్టింది. ఆ మూడు నిమిషాలు ఆయనకు టీ తాగే సమయం కూడా కాదు. ఫ్యాన్ల చప్పుడు మాత్రం సగానికి పైగా తగ్గింది.

పైగా మీ పనిలో ప్రాసెసర్‌లోని ఇరవై కోర్లూ (పని విభాగాలూ) పూర్తిగా పనిచేసే సందర్భాలు మీరు అనుకున్నంత ఎక్కువ ఉండవు. ఈ ప్రాసెసర్ మీకు నిజంగా ఉపకరించేది దానిలో ఉన్న క్విక్ సింక్ అనే వీడియో భాగం వల్ల. ఇప్పటి కెమెరాలు తీసే, రంగుల వివరం ఎక్కువ ఉండి బాగా కుదించిన పది బిట్ల 4:2:2 హెచ్.265 వీడియోను అది సులువుగా విప్పుతుంది, అందుకే పెళ్లి వీడియోల వాళ్లు ఇంటెల్ అడుగుతారు. టైమ్‌లైన్ నడిపేటప్పుడు, క్విక్ సింక్‌తోనో గ్రాఫిక్స్ కార్డుతోనో ఎక్స్‌పోర్టు చేసేటప్పుడు ప్రాసెసర్ తన పూర్తి విద్యుత్తు తీసుకోదు. కదిలిన షాటును నిలకడ చేయడం, నాయిస్ తీయడం, కొన్ని బరువైన ఎఫెక్టులు వేయడం వంటి పనుల్లోనే 160 పరిమితి అడ్డు వస్తుంది.

ఈ సందర్భంలోనే ఒక జాగ్రత్త చెప్పాలి. 13, 14 తరాల ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో వోల్టేజీ అవసరానికి మించి వెళ్లి ప్రాసెసర్ క్రమంగా దెబ్బతినే సమస్య బయటపడింది. దానికి 2024 ఆగస్టులో ఇంటెల్ 0ఎక్స్129 అనే మైక్రోకోడ్ (బయాస్ అప్‌డేట్‌తో ప్రాసెసర్‌కు చేరే సవరణ) ఇచ్చింది, వారంటీని కూడా రెండేళ్లు పొడిగించి ఐదేళ్లు చేసింది. కొత్త బోర్డు కొన్నా సరే, విండోస్ వేయించే ముందే బయాస్ అప్‌డేట్ చేయించండి; ఆ తరువాతే పరిమితులు పెట్టండి. చాలా బోర్డులు మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఏ కూలర్ పెట్టారని అడుగుతాయి. అక్కడ లిక్విడ్ అని నొక్కితే కొన్ని బోర్డులు విద్యుత్ పరిమితిని దాదాపుగా ఎత్తేస్తాయి. మీరు గాలి కూలర్ అనే నొక్కి, తరువాత పీఎల్1 (ఎక్కువసేపు తీసుకునే విద్యుత్తు హద్దు), పీఎల్2 (కొద్దిసేపు తీసుకునే విద్యుత్తు హద్దు) అనే రెండు చోట్లా 160 అని రాయండి.

ఇక ఐదేళ్లపాటు జోలికి వెళ్లకూడదన్న మీ మాటకు వస్తాను, నాకు ఎక్కువ చెప్పాలనిపించేది ఇక్కడే. రెండింటిలో ఏది ఎక్కువ చల్లబరుస్తుందన్నది ఒక ప్రశ్న. ఏది చెడిపోతే మీ పని ఎన్నాళ్లు ఆగుతుందన్నది దానికంటే పెద్ద ప్రశ్న. మీ వృత్తిలో ఇది మరీ ముఖ్యం. మన దగ్గర వైశాఖ ముహూర్తాలు, ఎండలు ఒకేసారి వస్తాయి. కంప్యూటర్ మీద భారం ఎక్కువ పడేదీ, కూలర్ చెడిపోయే అవకాశం ఎక్కువ ఉండేదీ ఆ నెలలోనే.

కావలిలో ఒక ఫోటో స్టూడియో ఆయన 240 లిక్విడ్ కూలర్ ఉన్న కంప్యూటర్‌ను సరిగ్గా అలాంటి మే నెలలోనే తెచ్చారు. ఆన్ అవుతుంది, విండోస్ వస్తుంది, రెండు నిమిషాల్లో ఆగిపోతుంది. పక్క తలుపు తీసి చేత్తో తాకి చూశాను. ప్రాసెసర్ మీది పంపు తల చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉంది, రేడియేటర్ మాత్రం గది గోడలా మామూలుగా ఉంది. వేడి పుట్టిన చోటే ఉండిపోయింది, నీరు కదలడం లేదు. పంపు పోయింది. కూలర్‌కు ఇంకా వారంటీ ఉంది కనుక కొత్తది కొనమని నేను చెప్పలేకపోయాను. విప్పి, పెట్టెలో పెట్టి చెన్నైకి పంపితే తిరిగి రావడానికి ఇరవై మూడు రోజులు పట్టింది. ఆ ఇరవై మూడు రోజులూ ఆయన స్టూడియోను నడిపింది నా దుకాణంలో మూలన పడి ఉన్న ఒక పాత ఒంటి టవర్ గాలి కూలరే. వాట్లు తగ్గించి పెట్టి ఇచ్చాను. తొమ్మిది పెళ్లిళ్లు దాని మీదే పూర్తి చేశారు. కొత్త లిక్విడ్ వచ్చాక కూడా ఆ పాత కూలర్ తిరిగి ఇవ్వలేదు, బీరువాలో పెట్టుకున్నానన్నారు. నేనూ అడగలేదు.

గాలి కూలర్‌లో చెడిపోయేది ఫ్యాన్ ఒక్కటే. అది కూడా ఒక్కసారిగా చావదు. గరగరమని నెలల తరబడి చెబుతూ చెబుతూ పోతుంది. రెండు ఫ్యాన్లలో ఒకటి ఆగినా, రెండోదీ కేబినెట్ వెనక ఫ్యానూ కలిసి ఆ పూటకు నెట్టుకొస్తాయి. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒంగోలులోనూ దొరుకుతుంది, మా ట్రంకు రోడ్డులోనూ దొరుకుతుంది, సాయంత్రానికల్లా మీరే బిగించుకోవచ్చు. ఒకసారి ఫ్యాన్ ఆగిందని తెచ్చిన కేబినెట్‌లో, రెక్కల మధ్య ఇరుక్కుని ఎండిపోయిన బల్లి కనిపించింది. పట్టకారుతో దాన్ని తీసేస్తే ఫ్యాన్ మామూలుగానే తిరిగింది. ఆ మరమ్మతుకు డబ్బు తీసుకోవాలనిపించలేదు.

కారడం గురించి అందరూ భయపడతారు. నా చేతుల మీదుగా వెళ్లినవాటిలో కారినవి రెండే, రెండూ గొట్టం పంపు తలను కలిసే చోటే తడి చేశాయి. అంతకంటే ఎక్కువగా చూసేది పంపు ఆగడం, పలకలోని సన్నని దారులు మడ్డితో పూడిపోవడం, నీరు తగ్గిపోవడం. మూసిన గొట్టంలో నీరు ఎలా తగ్గుతుందని అడుగుతారు. రబ్బరు గొట్టం గోడల గుండా నీరు ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా బయటికి పోతూనే ఉంటుంది, వేడి ఎక్కువైతే అది ఇంకొంచెం త్వరగా పోతుంది. ఆ ఖాళీలో గాలి చేరి, ఆన్ చేయగానే గుటకలు వేసిన చప్పుడు వినిపిస్తుంది. ఈ కూలర్లకు మూడేళ్ల నుంచి ఆరేళ్ల దాకా వారంటీ ఇస్తారు. మీరు కోరిన ఐదేళ్లు దాని అంచు మీద ఉన్నాయి. గాలి కూలర్ లోహపు భాగానికి ఐదేళ్లు ఒక లెక్కే కాదు. పదేళ్ల కిందట నేను బిగించిన కూలర్లు రెండు మూడు ప్రాసెసర్లు మారి, కొత్త సాకెట్‌కు (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూటికి) బ్రాకెట్ మాత్రం మార్చుకుని ఇప్పటికీ పనిచేస్తున్నాయి.

కరెంటు పోయినప్పుడు పంపు కూడా ఆగిపోతుంది కదా, ప్రాసెసర్ కాలిపోదా అని కొందరు అడుగుతారు. కరెంటు పోతే ప్రాసెసర్ కూడా ఆగిపోతుంది, కొత్త వేడి పుట్టదు. ఈ విషయంలో రెండింటికీ తేడా లేదు. యూపీఎస్ కావలసింది మీ హార్డ్ డిస్కులకు, సేవ్ చేయని ప్రాజెక్టుకు.

దుమ్ము సంగతి. చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఆఫీసులో నేను చూసిన కంప్యూటర్‌కు ముందువైపు 360 రేడియేటర్ ఉంది. పైనుంచి చూస్తే ఫ్యాన్లు శుభ్రంగానే ఉన్నాయి, ఎవరో గుడ్డతో తుడుస్తున్నారు కూడా. కానీ దుమ్ము ఫ్యాన్ మీద ఆగదు, ఫ్యాన్ దాటి వెళ్లి రేడియేటర్ రెక్కల ముఖం మీద పేరుకుంటుంది. ఫ్యాన్‌కూ రేడియేటర్‌కూ మధ్య ఉండే ఆ సందు బయటికి కనపడదు. పన్నెండు స్క్రూలు విప్పి ఫ్యాన్లు తీస్తే, రాతిపొడి, వెంట్రుకలు కలిసి దుప్పటి ముక్కలా అట్టకట్టి ఉంది. గోటితో అంచు పట్టుకుని లాగితే మొత్తం ఒకే పొరగా ఊడి వచ్చింది. గాలి కూలర్‌లోనూ దుమ్ము ఇలాగే పేరుకుంటుంది, కాకపోతే పక్క తలుపు తీయగానే కళ్లకు కనపడుతుంది, తీగ క్లిప్పులు రెండు జారిస్తే ఫ్యాన్ చేతికి వస్తుంది. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్‌ను వేలితో కదలకుండా పట్టుకోండి. గాలికి అడ్డగోలు వేగంతో తిరిగితే బేరింగు పాడవుతుంది. ఒంగోలు ఊరిలో అంత రాతిపొడి ఉండదు గాని, మూడు నెలలకొకసారి ఊదడం మంచిది.

కొత్తపట్నం, మైపాడు వంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉప్పు గాలికి అల్యూమినియం రెక్కల మీద తెల్లని పొడి లేస్తుంది, స్క్రూలు తుప్పు పడతాయి. ఈ విషయంలో గాలి కూలర్‌ను వెనకేసుకురాను, రెండూ ఒకేలా దెబ్బతింటాయి. ఒక రొయ్యల హేచరీ ఆఫీసులో రేడియేటర్ రెక్కలు వేలితో తాకితే అప్పడంలా పొడి అయ్యాయి, అదే ఆఫీసులో ఇంకో కంప్యూటర్ గాలి కూలర్ అంచులు కూడా అలాగే రాలాయి.

మరి లిక్విడ్‌ను ఎవరికి చెబుతానంటారా? ఏసీ గదిలో ఐ9-14900కె, ఏఎండీ కంపెనీ రైజెన్ 9 9950ఎక్స్ వంటివాటితో రోజంతా త్రీడీ రెండరింగ్ చేసేవారికి చెబుతాను. గది 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు పైన వేసిన లెక్కలో ప్రతి 100 వాట్లకు వచ్చే ఆ నాలుగు డిగ్రీల తేడా నిజమైన వేగంగా మారుతుంది. అంత పెద్ద ప్రాసెసర్‌కు ఎత్తైన టవర్ పట్టని చిన్న కేబినెట్ కొన్నవారికి కూడా అదే నయం. కంప్యూటర్‌ను తరచూ మోసుకు తిరిగేవారికి కూడా అదే మంచిది. నాక్చువా ఎన్‌హెచ్-డి15 వంటి పెద్ద గాలి కూలర్ ఫ్యాన్లతో కలిపి 1.3 కిలోలు ఉంటుంది, ఆ బరువంతా నిలువుగా ఉన్న బోర్డు నుంచి బయటికి వేలాడుతుంది. మా వాడుకదారు ఒకతను కేబినెట్‌ను బస్సు డిక్కీలో వేసి హైదరాబాద్ తీసుకెళ్లాడు; దిగేసరికి కూలర్ పట్టు విరిగి గ్రాఫిక్స్ కార్డు మీద పడి ఉంది. లిక్విడ్‌లో బరువైన రేడియేటర్ కేబినెట్ ఇనుప చట్రం మీద ఉంటుంది కనుక ఆ భయం లేదు. మీరు గాలి కూలర్ పెట్టించుకుని, కంప్యూటర్‌ను ఎప్పుడైనా ఊరు మార్చవలసి వస్తే, కూలర్ విప్పి విడిగా తీసుకెళ్లండి.

లిక్విడ్‌కు ఇంకొక మంచి గుణం ఉంది. నీరు వేడెక్కడానికి సమయం తీసుకుంటుంది కనుక, రెండు మూడు నిమిషాల భారానికి ఫ్యాన్లు ఒక్కసారిగా హోరెత్తవు. గాలి కూలర్‌కు ఆ నెమ్మది తక్కువ. ఫ్యాన్ వేగాన్ని బయాస్‌లో నిదానంగా పెరిగేలా పెడితే చాలావరకు సరిపోతుంది. ఇక అద్దాల కేబినెట్‌లో అందం కోసం కొనుక్కునేవారిని నేను ఎప్పుడూ తప్పుపట్టలేదు. కస్టమర్లు వచ్చి కూర్చునే స్టూడియోలో అది కూడా ఒక అవసరమే. అయితే అందానికి కొంటున్నామని తెలిసి కొనుక్కోవాలి, చల్లదనానికి కొంటున్నామని అనుకోకూడదు.

రైజెన్ గురించి మీరు అడగలేదు గాని, ఇది చదివే ఇతరుల కోసం ఒక మాట. రైజెన్ 5 7600, రైజెన్ 7 7700 వంటివి 88 వాట్లకు మించి తీసుకోవు, ఒంటి టవర్ గాలి కూలరే వాటికి ఎక్కువ. రైజెన్ 7000 వరుసలోని పెద్దవాటిలో వేడి చాలా చిన్న ముక్క మీద పుడుతుంది, ప్రాసెసర్ లోహపు మూత కిందనే ఇరుక్కుంటుంది, ఎంత పెద్ద రేడియేటర్ తెచ్చినా ఆ ఇరుకు పోదు. అవి 95 డిగ్రీల దాకా వెళ్లేలానే తయారయ్యాయి, ఆ అంకె చూసి కంగారుపడి లిక్విడ్ కొనవద్దు.

ఏ గాలి కూలర్ కొనాలన్న విషయంలో పేరు కంటే ఎత్తు ముందు చూడండి. థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్ఈ 155 మిల్లీమీటర్లు, డీప్‌కూల్ ఏకే620 160, నాక్చువా ఎన్‌హెచ్-డి15 165. మీ కేబినెట్ ఎంత ఎత్తు కూలర్‌ను పట్టగలదో దాని పెట్టె మీదనో కంపెనీ సైట్‌లోనో రాసి ఉంటుంది. రెండు మిల్లీమీటర్లు తక్కువైనా పక్క తలుపు పడదు. వేసవిలో ఆ తలుపు తీసే వాడుకుందాంలే అనుకుంటే బల్లి కథ మళ్లీ మొదలవుతుంది. మొదటి రెండింటిలో ఏదైనా మీకు సరిపోతుంది, నాలుగైదు వేలలో వస్తుంది. 360 లిక్విడ్‌కు దానికి రెట్టింపో, అంతకు పైనో అవుతుంది. కూలర్ ముందువైపు ఫ్యాన్ ర్యామ్ మీదికి వస్తుంది కనుక పొడుగాటి లైట్ల ర్యామ్ కొనకండి. కేబినెట్ ముందు ముఖం అద్దం కాకుండా జాలీగా ఉండాలి. ముందు మూడు ఫ్యాన్లు గాలి లోపలికి తీసుకోవాలి, వెనక ఒకటి బయటికి తోయాలి, కూలర్ ఫ్యాన్లు రెండూ వెనక వైపుకే ఊదాలి.

బిగించేటప్పుడు దగ్గరే నిలబడి చూడండి. కూలర్ అడుగున అంటించి ఉండే పల్చని ప్లాస్టిక్ పొర తీశారో లేదో చూడండి. మొదటి ఏడాదిలో నేనే ఒకసారి అది తీయకుండా బిగించి, రెండు రోజులు ప్రాసెసర్‌నూ బోర్డునూ తిట్టుకున్నాను. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య వేడి దాటేందుకు రాసే పేస్టు బఠాణీ గింజంత చాలు. స్క్రూలను ఒకవైపు పూర్తిగా బిగించి రెండోవైపుకు వెళ్లకూడదు, ఇటు రెండు చుట్లు, అటు రెండు చుట్లుగా రావాలి. మూడేళ్లకు ఒకసారి పేస్టు మార్పించండి. ఐదేళ్లలో మీరు దాని జోలికి వెళ్లవలసిన సందర్భం, ఊదడం కాకుండా, అదొక్కటే.

ఇంత చెప్పినా లిక్విడే పెట్టించుకోవాలని మీ మనసు లాగితే, పంపు తల ఆ మొత్తం అమరికలో అన్నిటికంటే పైన ఉండకూడదన్నది మరచిపోకండి. లోపలి గాలి బుడగలు పైకే చేరతాయి. అవి రేడియేటర్ పైఅంచులో చేరాలి గాని పంపులో చేరకూడదు. కొత్తలో నేను ఒక కేబినెట్‌లో స్థలం లేక రేడియేటర్‌ను అడుగున బిగించి ఇచ్చాను. నెలలోపే ఆ పంపు గులకరాళ్లు దొర్లినట్టు మోగింది; అది పూర్తిగా నా తప్పు, కొత్త కూలర్ నా డబ్బుతో వేసి ఇచ్చాను. ముందువైపు బిగిస్తే గొట్టాలు కింది నుంచి వచ్చేలా పెట్టించండి. పంపు ఎప్పుడూ పూర్తి వేగంతోనే తిరగాలి, వేగం తగ్గించడం ఫ్యాన్లకే పెట్టుకోవాలి. కొనే ముందు ఆ కంపెనీ సర్వీసు సెంటరు ఏ ఊరిలో ఉందో అడగండి, కావలి ఆయనలా చవక గాలి కూలర్ ఒకటి బీరువాలో ఉంచుకోండి.

కిటికీకి ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఎందుకన్నానంటే, ఏ కూలర్ పెట్టినా ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు కలిసి తీసుకునే మూడు నాలుగు వందల వాట్లు వేడిగా మీ గదిలోకే వస్తాయి. తలుపులు వేసుకుని ఆరు గంటలు ఎక్స్‌పోర్టు పెడితే గది తానే రెండు మూడు డిగ్రీలు పెరుగుతుంది. ఆ వేడిని బయటికి తోస్తే మీ ప్రాసెసర్‌తోపాటు మీరూ కాస్త తెరిపిన పడతారు. బరువైన ఎక్స్‌పోర్టులను రాత్రి రెండు తరువాత మొదలయ్యేలా క్యూలో పెట్టుకోవడం మా దగ్గరికి వచ్చే ఎడిటర్లలో చాలామంది అలవాటు చేసుకున్న పద్ధతి.

మీ రెండో ప్రశ్న, గదిలోని నీళ్ల కూలర్ సంగతి: దాన్ని కేబినెట్ వైపు తిప్పకండి. అది నీటిని ఆవిరి చేసి గాలిలోకి పంపే యంత్రం. గడ్డి పలకల నుంచి వచ్చే ఆ తడిగాలిలో మన బోరు నీటి ఉప్పు తుంపర్లు కూడా కలిసి ఉంటాయి. దాన్ని నేరుగా బోర్డు మీదికి కొడితే ఏడాదిలో స్లాట్ల కాళ్ల మీద పచ్చని మరకలు కనిపిస్తాయి. అలాంటి బోర్డులు ప్రతి వేసవి తరువాత మూడు నాలుగు నా బల్ల మీదికి వస్తాయి. కూలర్‌ను మీ వైపే తిప్పుకోండి, కేబినెట్‌ను దానికి ఎదురుగా కాకుండా పక్క గోడ దగ్గర, నేల మీద కాక జానెడు ఎత్తు బల్ల మీద పెట్టండి, కిటికీ ఒకటి తెరిచి ఉంచండి.